ముప్పై ఏడు రకాల ఇవ్వడం

ఆ రోజుల్లో మా వైపు ఇంగ్లీషు వచ్చినవాడి గొప్పతనాన్ని కొలిచే పద్ధతి వేరుగా ఉండేది. వాడు ఏం చెప్పాడన్నది ఎవరికీ అక్కర్లేదు. ఎంతసేపు చెప్పాడు, ఊపిరి తీసుకోకుండా చెప్పాడా, మధ్యలో ఎక్కడైనా తడుముకున్నాడా అన్నవే చూసేవాళ్లు. ఈ కొలతల ప్రకారం, కర్నూలు హైస్కూల్లో చదువు ముగించుకుని, ఉద్యోగం ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చున్న నేను, ఓర్వకల్లుకు నాలుగు మైళ్ల అవతల రాళ్లగుట్టల మధ్య ఉన్న మా ఊళ్లో చాలా పెద్దమనిషిని. నాకప్పుడు ఇరవయ్యేళ్లు. ఇప్పుడు ఆ కుర్రవాడు ఎదురుపడితే పలకరించాలో, తప్పుకుని పోవాలో తెలియదు కానీ, వాడు మాత్రం తన గురించి తాను చాలా సంతృప్తిగా ఉండేవాడు. ఆ సంతృప్తికి మూలం ఒక నోటుపుస్తకం.

ఆ పుస్తకం సంగతి చెప్పాలంటే మా ఇంగ్లీషు అయ్యవారి గురించి చెప్పాలి. పిల్లలందరం ఆయన్ని (చాటుగా) పర్యాయాల అయ్యవారు అనేవాళ్లం. ఒకసారి ఆవు మీద వ్యాసం రాయమంటే నేను ఆవు పాలు ఇస్తుంది, దూడను ఇస్తుంది, పేడ ఇస్తుంది అని మూడు వాక్యాల్లోనూ గివ్ అన్న మాటే వాడి రాశాను. ఆయన బెత్తం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి, "ఎన్నిసార్లు ఇస్తుందిరా నీ ఆవు? దానికి అలుపు రాదా?" అని అడిగారు. తరవాత ఆయనే దిద్దారు. పాలను యీల్డ్ చేస్తుందట. దూడను ప్రొడ్యూస్ చేస్తుందట. పేడ దగ్గరికి వచ్చేసరికి ఆయన కూడా కిటికీలోంచి కాసేపు బయటికి చూసి, "కంట్రిబ్యూట్ చేస్తుంది అని రాయి" అన్నారు. ఆ రోజు నుంచి గివ్ అన్న మాట మా తరగతిలో నిషిద్ధం. గవర్నమెంటు ఇస్తే గ్రాంటు, రాజు ఇస్తే బిస్టో, బిరుదు ఇస్తే కన్ఫర్, చదువు ఇస్తే ఇంపార్టు. వౌచ్‌సేఫ్ అనే మాట దేవుడికీ, దేవుడంతటి వాళ్లకీ తప్ప వాడకూడదు. అడ్మినిస్టర్ అంటే ఔషధమూ ఇవ్వవచ్చు, దెబ్బలూ ఇవ్వవచ్చు (రెండోదానికి ఆయన అప్పటికప్పుడే ఉదాహరణ చూపించారు). పోనీ గివ్‌నే ఉంచుకుందామా అంటే, దాని పక్కన ఒక చిన్న మాట చేరితే ఇవ్వడం కాస్తా మానుకోవడం, ఇంకొకటి చేరితే లొంగిపోవడం, మరొకటి చేరితే కూలిపోవడం అవుతుందని చెప్పి మమ్మల్ని భయపెట్టారు. మూడేళ్లు కష్టపడి, ఇవ్వడానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. ముప్పై ఏడు తేలాయి. అంతకన్నా గొప్ప ఆస్తి మా ఊళ్లో ఎవరికీ లేదని నా నమ్మకం.

ఆ ఏడు ఎండలు ముందే వచ్చాయి. ఊరందరికీ ఉన్నది ఒకటే దిగుడుబావి. మెట్లు దిగి పోతే అడుగున ఒక పెద్ద బండ, ఆ బండ పక్కన పగిలిన గాడిలో ఇంత తడి, అంతే. బండ కింద నీళ్లు ఉన్నాయని ఊళ్లో అందరికీ తెలుసు, చెవి ఆనిస్తే వినపడుతుందని కూడా కొందరు చెప్పేవాళ్లు. బండను పేల్చాలంటే మందుగుండు కావాలి. మామూలు రోజుల్లో అయితే ఊరివాళ్లే ఎలాగో తెచ్చుకునేవాళ్లు. కానీ అప్పుడు యుద్ధం నడుస్తోంది. సర్కారు కాగితం లేకుండా చిటికెడు మందు దొరకదు. ఈలోగా ఆడవాళ్లు మైలు దూరంలో ఉన్న వంకకు పోయి, ఇసుకలో చెలమలు తవ్వి, చిప్పతో చిప్పెడు నీళ్లు తోడి, గుడ్డతో వడగట్టి కడవ నింపుకుని వచ్చేవాళ్లు. కడవ నిండడానికి పూట పట్టేది. మా అమ్మ పోయినప్పటి నుంచి నన్ను పెంచిన మా పిన్నమ్మ రోజుకు రెండుసార్లు పోయి వచ్చేది. నేను అరుగు మీద కూర్చుని నోటుపుస్తకం తిరగేస్తూ ఆమె పోవడమూ చూసేవాణ్ణి, రావడమూ చూసేవాణ్ణి.

సబ్ కలెక్టరు దొరకు అర్జీ పెట్టాలని మునసబు మామ తీర్మానించాడు. రాయవలసినవాణ్ణి నేనేనని వేరే చెప్పనక్కర్లేదు. నిజం చెప్పాలంటే మొదటి అర్జీ బాగానే రాశాను. మా బావిలో బండ పడింది, పేల్చడానికి మందు ఇవ్వండి, అనుమతి ఇవ్వండి, మందు పెట్టడం తెలిసిన మనిషిని ఇవ్వండి. ఇంగ్లీషులో ఆరు వరసలు. ఇక్కడే మా ఊరి ఆచారం ఒకటి అడ్డం వచ్చింది. సర్కారుకు పోయే ఏ కాగితమైనా సరే, చావిడిలో ఊరందరి ముందూ పైకి చదవాలి. అందరూ విని, సరే అంటేనే వేలిముద్రలు వేస్తారు. నేను పుట్టకముందు ఎప్పుడో ఎవరో చదవని కాగితం మీద వేలు పెట్టి చిక్కుల్లో పడ్డారట, అప్పటి నుంచి ఈ కట్టుబాటు. కాగితం ఇంగ్లీషులో ఉంటే ఏం చేయాలన్న ప్రశ్న ఎవరికీ రాలేదు. ఇంగ్లీషైనా చదవాల్సిందే, వినాల్సిందే.

ఆ సాయంత్రం నలభై మంది చేతులు కట్టుకుని కూర్చున్నారు. చదివాను. జనం సర్దుకుని కూర్చునేలోపే అర్జీ అయిపోయింది.

"అంతేనా?" అన్నాడు మునసబు మామ. "ఊరంతా వచ్చి కూసున్యారు గదప్పా. కొంచెం కూడా పొద్దు పోలేదే!"

అప్పుడు దూది తాత గొంతు సవరించుకున్నాడు. తాత దూదేకుల మనిషి. చుట్టుపక్కల పది ఊళ్లలో పరుపులకు, బొంతలకు ఆయనే దూది ఏకేవాడు. జన్మంతా దూది ఏకే వింటి తాడు మోత విని విని ఆయన చెవి ఎంత పదునెక్కిందంటే, దూదిలో ఒక్క గింజ ఉండిపోయినా చూడకుండానే మోతను బట్టి చెప్పేవాడు. ఇంగ్లీషు కూడా ఆయన ఆ చెవితోనే విన్నాడు.

"అబ్బయా, అదేందో గివ్వు గివ్వు అని మూడు తూర్లు వచ్చె. ఒగే కూత మల్లా మల్లా వస్తే ఎట్లప్పా? దొర ఇంటే ఏమనుకుంటాడు? ఈ ఊర్లో నీల్లకే గాదు, మాటలగ్గూడా కరువొచ్చినాదే అనుకోడా?"

సభ మొత్తం నా వైపు తిరిగింది. నిజానికి నాకు కోపం రావాలి. రాలేదు సరికదా, ఒళ్లు పులకరించింది. పర్యాయాల అయ్యవారు ఏ మాట అన్నారో, అక్షరం ముక్క రాని దూది తాత అదే మాట అన్నాడు! "రేపు చూడు తాతా" అని చెప్పి ఇంటికి పోయి నోటుపుస్తకం తెరిచాను.

మరుసటి సాయంత్రం మూడు పేజీలు చదివాను. గివ్ నా కంటపడిన చోటల్లా గ్రాంటు, బిస్టో, అకార్డ్ కూర్చున్నాయి. జనం తలలు ఊపారు. తాత మాత్రం, "ఆ పౌడరు అనేది మూడు తూర్లు వచ్చె" అన్నాడు. మందుకు ఇంగ్లీషులో పౌడరు కాక ఇంకేమంటారో నా నోటుపుస్తకంలో లేదు (నేను ఇవ్వడంలోనే పండితుణ్ణి, ఇచ్చే వస్తువుల్లో కాదు). ఒకచోట మాత్రం దాన్ని ఉంచి, తక్కిన రెండు చోట్లా సదరు వస్తువు అని మార్చాను. మూడోనాడు బావి అన్న మాట ఎక్కువైంది. దాన్ని సదరు లోతు అన్నాను. నాలుగోనాడు దొరవారి వంశానికీ, దయకూ రెండు పేజీల స్తోత్రం చేర్చాను. ఐదోనాటికి అర్జీ తొమ్మిది పేజీలకు పెరిగింది. ముప్పై ఏడు మాటలూ, ఒక్కటి తప్పకుండా, ఎక్కడో ఒకచోట దూరాయనే అనుకున్నాను. ఇంతకాలం చోటు దొరకని వౌచ్‌సేఫ్ కూడా చివరి పేజీలో దొరవారి పక్కన కొలువు తీరింది. అంతా శుభ్రంగా తిరగరాస్తుంటే, మొదటి రోజు రాసిన చిన్న వాక్యం ఒకటి నాలుగో పేజీలో ఇంకా మిగిలి ఉండడం కనిపించింది. అందులో ఆ పాత గివ్ అలాగే ఉంది. పట్టుచీరకు చింకిపాత అతుకు వేసినట్టు అనిపించి, ఆ వాక్యాన్ని మొత్తంగా కొట్టేశాను.

ఐదోనాడు చావిడిలో చదువుతుంటే చీమ చిటుక్కుమనలేదు. అయిపోయాక దూది తాత కళ్లు తుడుచుకున్నాడు. "ఒగ్గ గింజ ల్యా. మొత్తం తెల్లగా ఏకినావప్పా!" అన్నాడు. వేలిముద్రలు వేయడానికి జనం తోసుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి పిన్నమ్మ అప్పుడే వంక నుంచి వచ్చి కడవ దించుతోంది. "అయిపాయనా మీ సదువు?" అంది.

"అయిపోయింది పిన్నమ్మా. రేపు పోస్టులో వేయడమే."

"అంతా రాసినావు గదా? మందు కావాల అనే మాట ఉండాదా దాంట్లో?"

నవ్వు వచ్చింది. తొమ్మిది పేజీల అర్జీ రాసినవాణ్ణి అడగవలసిన ప్రశ్నేనా అది? "నీకెందుకు పిన్నమ్మా అవన్నీ, ఉంది" అన్నాను, కాగితం తీసి చూడకుండానే. ఆమె చెంబుతో నీళ్లు ముంచి నాకు ఇచ్చింది. తాగాను. అడుగున ఇసుక ఉంటే పారబోశాను.

నెల గడిచింది. చెలమలు నడుముల లోతుకు పోయాయి. ఆడవాళ్లు కోడి కూయకముందే లేచి పోవడం మొదలుపెట్టారు. మునసబు మామ నన్ను చూసినప్పుడల్లా "ఏమప్పా, జవాబు రాలేదే" అనేవాడు. అంత పెద్ద అర్జీ చదవడానికి వాళ్లకు వ్యవధి పట్టదా అని నేను సర్దిచెప్పేవాణ్ణి. చెప్పడమైతే చెప్పాను కానీ, అప్పుడప్పుడే లోపల కొంచెం బెరుకు మొదలైంది.

ఒకరోజు పొద్దున పది గంటలప్పుడు గుర్రం మీద దొర వచ్చాడు. వెనక ఒక బంట్రోతు నడుస్తూ వస్తున్నాడు. దొర అంటే ఏదో అనుకుంటాం కానీ, నాకన్నా నాలుగేళ్లు పెద్ద ఉంటాడేమో, ఎండకు ముఖం మిరపపండులా ఉంది. చావిడి ముందు దిగి, చేతి సంచిలోంచి మా అర్జీ తీశాడు. ఎర్ర పెన్సిలు గీతలు నాకు దూరం నుంచే కనిపించాయి. ఆ దొరలు ఇక్కడికి వచ్చాక తెలుగు పరీక్ష కూడా ప్యాసవ్వాలి. అయితే వాళ్లకు నేర్పినది పుస్తకాల తెలుగు.

"ఈ అర్జీని వ్రాసినవారు ఎవ్వరు?" అన్నాడు.

నన్ను ముందుకు తోశారు. తోసిన చేతుల్లో ఎంత గర్వమో! దూది తాత అయితే నా వీపు కూడా తట్టాడు.

"మిమ్ములను చూచుటకే వచ్చితిని" అన్నాడు దొర. "ముప్పది యేడు మారులు ఇమ్మని అడిగితిరి. ఏమి ఇయ్యవలెనో ఒక్క మారైనను వ్రాయలేదు. ఆఫీసులో ముగ్గురము చదివితిమి. ఒకరు గుడి అనిరి, ఒకరు బడి అనిరి. మీకు ఏమి కావలెను?"

నాలుగో పేజీలో నేను కొట్టేసిన ఆ చిన్న వాక్యం అప్పుడు గుర్తొచ్చింది, మందు అన్న మాట మిగిలింది దాంట్లోనే. అయినా ఇంగ్లీషులో అడిగితేనే మర్యాదగా ఉంటుందని, "యువర్ ఆనర్, వుయ్ హంబ్లీ బిసీచ్ యువర్ ఆనర్ టు వౌచ్‌సేఫ్..." అని మొదలుపెట్టాను. అక్కడ ఆగిపోయాను. ఇవ్వడం దాకా వచ్చాను, దాని తరవాత రావలసిన మాట రాలేదు. దొర దయగా, "తెలుగున చెప్పుము" అన్నాడు. తెలుగులో కూడా రాలేదు. ఊరంతా చూస్తోంది. మూడేళ్లు నూరిపోసుకున్న మాటలన్నీ నాలిక మీద ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి తప్ప ఒక్కటీ బయటికి దూకడం లేదు.

ఆ సమయానికి పిన్నమ్మ వంక నుంచి కడవతో వచ్చింది. చావిడి ముందు గుర్రమూ, ఎర్రటి మనిషీ కనిపించారు. వచ్చినవాడు ఎవడో ఆమెకు తెలియదు, అడగనూ లేదు. ఎండలో వచ్చిన మనిషికి ముందు నీళ్లు ఇచ్చి, తరవాత ఊరూ పేరూ అడగడం మా వైపు పద్ధతి. కడవ దించి, చావిడిలోంచి చెంబు తెచ్చి, ముంచి ఇచ్చింది. దొర గటగటా తాగాడు. సగం తాగాక ఆగి, చెంబులోకి చూశాడు.

"ఇది ఎక్కడి నీరు?"

"వంకలో చెలమ నీల్లు నాయనా. మా బాయిలో బండ పడుండాది. పేల్చుకుందామంటే మందు ల్యా. రోంత మందు ఇయ్యి, మావోల్లు పేల్చుకుంటారు."

అంతే అంది. మునసబు మామ తల పట్టుకున్నాడు. దొరను నాయనా అనడమూ, ఇయ్యి అనడమూ! దొర మాత్రం అర్జీ తిరగేసి, దాని వెనకాల పెన్సిలుతో ఏదో రాసుకుని, బావి చూపించమన్నాడు. అందరూ అటు కదిలారు. నేను కదల్లేక అక్కడే నిలబడిపోయాను. గుర్రం కడవ వైపు మెడ చాచింది. పిన్నమ్మ దాన్ని ఒక్క క్షణం చూసి, "నోరు లేనిది, దానికేం తెలుసు" అంటూ మిగిలిన నీళ్లన్నీ అక్కడున్న రాతితొట్లో పోసింది. గుర్రం తాగేదాకా నిలబడి, ఖాళీ కడవ చంకన పెట్టుకుని మళ్లీ వంక దారి పట్టింది. నాకు సిగ్గేసింది. పరుగెత్తి పోయి కడవ అందుకున్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి ఇచ్చింది. ఆ రోజు చెలమ దగ్గర చిప్పతో తోడి తోడి నా నడుము విరిగింది, తెచ్చిన కడవలో సగం దారిలోనే ఒలికింది.

పదిహేను రోజులకు సర్కారు కాగితం వచ్చింది. ఆచారం ప్రకారం చావిడిలో చదివాను. రెండే వరసలు. బావికి మందు ఇవ్వబడింది, మనిషి సోమవారం వస్తాడు. ఇవ్వబడింది అన్నచోట ఉన్నది అదే మాట, మా అయ్యవారు నిషేధించిన గివ్. జనం నిరుత్సాహపడ్డారు.

"మనం తొమ్మిది పేజీలు పంపిస్తిమి" అన్నాడు మునసబు మామ. "ఇంత చిన్న కాగితానికి మందు వస్తాదంటావా?"

కాగితంతో పాటు నా అర్జీని కూడా తిప్పి పంపారు. ఇవ్వడానికి వాడిన ప్రతి మాట కిందా ఎర్రగీత, పక్కన అంకె. చివర దొర తన చేత్తో ఒక ముక్క రాశాడు. మరోసారి జాగ్రత్తగా లెక్కపెడితే ముప్పై ఏడు వేర్వేరు మాటలు లేవనీ, బిస్టో అనే మాట రెండో పేజీలోనూ, ఏడో పేజీలోనూ వచ్చినందువల్ల ముప్పై ఆరేననీ! చదివి వినిపించక తప్పింది కాదు. "ఏడో కాగితం కాడ నాకు తుమ్మొచ్చె అబ్బయా" అన్నాడు దూది తాత. "ఆడ జారిపాయ. తప్పు నాది." ఆయన్ని ఓదార్చడం మా అందరి వల్లా కాలేదు.

మందు వచ్చింది. మనిషీ వచ్చాడు. మూడు రోజులు బండకు తూట్లు వేసి పేల్చారు. నాలుగోనాడు మధ్యాహ్నం బావి అడుగున నీళ్లు చప్పుడు చేసుకుంటూ ఉబికి వచ్చాయి. ఊరంతా మెట్ల మీదే ఉంది. నేను అందరికన్నా ముందు దిగి, బురద తేరుకున్నాక ఒక చెంబు ముంచుకుని పైకి వచ్చి పిన్నమ్మకు ఇచ్చాను. ఆమె తాగింది. చెంబులోకి చూసింది. ఇసుక లేదు. కొంగుతో మూతి తుడుచుకుని, నా వైపు చూసి నవ్వింది.

"ఇప్పుడు నాకు ఇస్తివి గదా," అంది, "దీన్ని ఇంగిలీసులో ఏమంటారు?"

జరిగినదంతా మనసులో ఉంది. ఇక జన్మలో పెద్ద మాటల జోలికి పోకూడదని అప్పటికే ఒట్టు పెట్టుకున్నాను. చాలా వినయంగా, "గివ్ అంటారు పిన్నమ్మా" అన్నాను.

"అంతేనా?" అంది. ముఖం కొంచెం చిన్నబోయింది. చెంబు నా చేతికి ఇచ్చి, కడవ తీసుకుని మెట్లు దిగిపోయింది.

తరవాత నాకు ఉద్యోగం వచ్చింది. చాలా ఏళ్లు ఆఫీసుల్లో కాగితాలు రాశాను, ఎక్కడా గివ్‌ను మించిన మాట వాడలేదు. ఉత్తరాలు సూటిగా రాస్తానని పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడు మాత్రం ఒకటే అనిపిస్తుంది. ముఖం కూడా తెలియని దొర కోసం ముప్పై ఏడు మాటలూ వెతికి వెతికి కుమ్మరించాను. రెండు పూటలా మైలు నడిచి నాకు నీళ్లు ఇచ్చిన మనిషి తనంత తానుగా అడిగితే, ఒక్కటి చెప్పలేకపోయాను. ఆ రోజు ఆ మెట్ల మీద నిలబడి, గొంతు సవరించుకుని, వౌచ్‌సేఫ్ అంటారు పిన్నమ్మా అని చెప్పి ఉండవలసింది. ఎంత పొంగిపోయేదో!